సిట్‌కామ్ రచయితగా మొదలుపెట్టి ఫ్యామిలీ సినిమాల దాకా: అసలు పని ఎలా జరుగుతుంది?

కోల్డ్‌ఓపెన్
అమెరికన్ సిట్‌కామ్ (అవే పాత్రలతో వారం వారం వచ్చే అరగంట టీవీ కామెడీ) రచన గురించి తెలుగులో ఏది వెతికినా "నవ్వించడం అందరివల్లా కాదు" అని మొదలై అక్కడే ఆగిపోతోంది. రైటర్స్ రూమ్‌లో (షో రచయితలంతా కలిసి కూర్చుని రాసే గది) రోజంతా ఏం చేస్తారు? స్టాఫ్ రైటర్‌గా చేరినవాళ్లు షోరన్నర్ (షో మొత్తం నడిపే ముఖ్య రచయిత) అయ్యేలోపు ఎన్ని మెట్లు? టీవీలో ఏళ్ల తరబడి రాసినవాళ్లు ఫ్యామిలీ సినిమాకి వెళ్లగానే ఎందుకు తడబడతారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. గాల్లో మాట్లాడుకోకుండా ఒక కథ పెడుతున్నా: ముగ్గురు పిల్లల తల్లికి ఉద్యోగం పోతుంది. ఇంట్లో చెప్పదు. రోజూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్తున్నట్టే తయారై బయటపడుతుంది. దీంతో ఏం చెయ్యొచ్చు?

పేజీలలెక్క
ముందు ఎన్ని కెమెరాలో తేల్చుకోండి. కథ అదే అయినా స్క్రిప్టు వేరే అయిపోతుంది. మల్టీకామ్ అంటే స్టేజి మీద సెట్లు, ఎదురుగా ప్రేక్షకులు, మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి తిరుగుతుంటాయి. డైలాగు డబుల్ స్పేస్‌లో, యాక్షన్ లైన్లు పెద్దక్షరాల్లో టైప్ చేస్తారు కాబట్టి 45 నుంచి 55 పేజీలు వస్తుంది. సింగిల్‌కామ్ అంటే సినిమాలా ప్రేక్షకులు లేకుండా తీసేది, స్క్రిప్టు కూడా సినిమా స్క్రిప్టులాగే ఉంటుంది, 30 పేజీలు అటూ ఇటూ. ప్రకటనలు తీసేస్తే నెట్‌వర్క్ టీవీలో రెండూ 21, 22 నిమిషాలే. సింగిల్‌కామ్ ఫార్మాట్‌లో 48 పేజీలు పంపితే, రాసిన మనిషికి నిడివి తెలీదని మొదటి పేజీ చదవకముందే తెలిసిపోతుంది.

మూడోఅంకం
మీ కథకే పెట్టి చూపిస్తా. సింగిల్‌కామ్ అయితే కారు గ్యారేజీ దాటదు. ఆవిడ సూటు వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చుని, పొద్దున ఎనిమిదిన్నరకే లంచ్ బాక్సు ఖాళీ చేస్తుంటుంది. ఒక్క మాట అక్కర్లేదు.

మల్టీకామ్‌లో ఆ గ్యారేజీ ఉండదు. హాలు, వంటగది, ఇంకో శాశ్వత సెట్టు, ఆ వారానికి కట్టే స్వింగ్ సెట్టు, అంతే. అక్కడ ఇలా: ఆవిడ బ్యాగు తీసుకుని ముందు గుమ్మంలోంచి వెళ్తుంది. పిల్లలు స్కూలు బస్సుకి పరిగెడతారు. హాలు ఖాళీ. రెండు క్షణాలు. వంటగది వెనక తలుపు మెల్లిగా తెరుచుకుంటుంది, చెప్పులు చేతిలో పట్టుకుని ఆవిడ లోపలికొస్తుంది. తలుపు కదలగానే నవ్వు మొదలవ్వాలి.

సీతాకోక77
తలుపు కదలగానే నవ్వు రావాలంటే ఉద్యోగం పోయిందని ప్రేక్షకులకి అప్పటికే తెలిసుండాలి. నేనైతే తెలియనివ్వను. ఆ వెనక తలుపే రివీల్. కోల్డ్ ఓపెన్ (టైటిల్స్‌కి ముందు వచ్చే సీను) అక్కడ కట్ చేసి టైటిల్స్ వెయ్యాలి.

మూడోఅంకం
రివీల్‌గా వాడితే ఒక నవ్వు. ముందే చెప్పేస్తే, ఆవిడ ఫోను మోగిన ప్రతిసారీ నవ్వొస్తుంది. సిట్‌కామ్ ఎక్కువగా బతికేది ప్రేక్షకులకి తెలిసి పాత్రలకి తెలియని విషయం మీదే.

సీతాకోక77
మీరన్నది మొదటి యాక్ట్ (టైటిల్స్ తర్వాత మొదటి భాగం) నుంచి. నేనంటున్నది అంతకుముందు రెండు నిమిషాల గురించి. రివీల్ అయ్యాక మిగిలిన 19 నిమిషాలూ వాళ్లకి తెలిసే ఉంటుంది కదా. రెండూ చెయ్యొచ్చు.

మూడోఅంకం
సరే, ఇది ఒప్పుకుంటా. కానీ సమాచారం అందించే తీరు జాగ్రత్త. "నీకు తెలుసుగా, నాకు ఉద్యోగం పోయి మూడు వారాలైంది" అని స్నేహితురాలితో చెప్పించడాన్ని రూమ్‌లో లేయింగ్ పైప్ అంటారు. పైపు వెయ్యక తప్పదు, అది పైకి కనపడకూడదు. ఏ సమాచారమైనా గొడవలోనో అబద్ధంలోనో కలిపి పంపాలి.

చిన్నితెర
అసలు ప్రశ్న ఇది పైలట్టా (షోని పరిచయం చేసే మొదటి ఎపిసోడ్), మామూలు ఎపిసోడా అన్నది. నా లెక్కన ఇది ఎపిసోడే. రహస్యం బయటపడగానే కథ అయిపోతుంది. పైలట్‌కి కావలసింది వారం వారం కథలు పుట్టించే ఇంజన్. ఆవిడ ఎందుకు చెప్పలేదు? తను బలహీనంగా కనపడటం భరించలేని మనిషి కాబట్టి. అదీ ఇంజన్! ఈ వారం ఉద్యోగం, వచ్చే వారం ఈత రాకపోయినా వచ్చని చెప్పడం, ఆ పై వారం నడుం పట్టేసినా సోఫా తనే జరపడం. పైలట్ చదివేవాళ్లు పేజీ పక్కన రాసుకునే ప్రశ్న ఒకటే: "ఐదో ఎపిసోడ్ ఏంటి?" దానికి స్క్రిప్టులోనే జవాబు కనపడాలి.

ఇంకోటి. యాక్ట్ బ్రేక్ (ఒక భాగం ముగిసి ప్రకటనలకి ఆగేచోటు) దగ్గర "వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, అందర్నీ వదిలి వెళ్లిపోతుందేమో" అని పెట్టకండి. షో ఆవిడదే అయినప్పుడు ఆవిడ వెళ్లదని ప్రేక్షకులందరికీ తెలుసు. దీన్ని రచయితలు ష్మక్ బెయిట్ అంటారు. బెదిరింపు నిజంగా జరగగలిగేదై ఉండాలి.

కోల్డ్‌ఓపెన్
అయితే యాక్ట్ బ్రేక్‌కి ఏం పెట్టాలి?

నవ్వులజోలె
చిన్నవాడి బడిలో "అమ్మానాన్నల ఆఫీసు చూసే రోజు". వాడు నోటీసు తెచ్చి టేబుల్ మీద పెడతాడు, రేపే. అక్కడ కట్. రెండో యాక్ట్ మొత్తం అరువు తెచ్చుకున్న ఆఫీసులో నడుస్తుంది, అదే స్వింగ్ సెట్టు. బి స్టోరీ (పక్కన నడిచే రెండో కథ) భర్తకీ పెద్ద కూతురికీ, దీనితో సంబంధం లేకుండా మొదలై ఆఫీసులోనే వచ్చి గుద్దుకోవాలి. రెండో పిల్లకి రన్నర్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న జోకు) చాలు, మూడు చోట్ల మూడు లైన్లు.

అర్ధరాత్రి_రీరైట్
రూమ్‌లో రోజంతా ఏం చేస్తారని అడిగారు కదా, ఎపిసోడ్ ఎన్ని చేతులు మారుతుందో, వరుసగా చెప్తా.

కథని ముందు రూమ్‌లో అందరూ కలిసి బ్రేక్ చేస్తారు: బోర్డు మీద సీను తర్వాత సీను, ఎవరికి ఏం కావాలి, ఏం అడ్డొచ్చింది. ఒకటి రెండు పేజీల సారాంశం స్టూడియోకీ నెట్‌వర్క్‌కీ వెళ్తుంది, నోట్స్ (ఏం మార్చాలో సూచనలు) వస్తాయి. తర్వాత ఆ ఎపిసోడ్ అప్పగించిన రచయిత అవుట్‌లైన్ రాస్తారు. మళ్లీ రెండు చోట్ల నుంచీ నోట్స్. అప్పుడు డ్రాఫ్టుకి వారమో రెండు వారాలో ఇస్తారు. డ్రాఫ్టు రాగానే రూమ్ మొత్తం కూర్చుని తెర మీద పెట్టుకుని లైను లైను తిరగరాస్తారు. సగానికి సగం మారిపోవడం మామూలే. అయినా ఆనవాయితీ ప్రకారం పేరు మొదటి రచయితదే పడుతుంది.

మల్టీకామ్ షూటింగ్ వారం ఇలా నడుస్తుంది. మొదటి రోజు టేబుల్ రీడ్, నటులు కూర్చుని చదువుతారు. రెండో రోజు రిహార్సల్, సాయంత్రం రచయితల కోసం రన్‌త్రూ (ఎపిసోడ్ మొదటినుంచి చివరిదాకా నటించి చూపడం). మూడో రోజు స్టూడియో, నెట్‌వర్క్ వాళ్ల ముందు రన్‌త్రూ. నాలుగో రోజు కెమెరా బ్లాకింగ్ (ఏ కెమెరా ఎక్కడుండాలో తేల్చడం), కొన్ని సీన్లు ముందే తీసిపెట్టుకుంటారు. ఐదో రోజు ప్రేక్షకుల ముందు షూటింగ్. రన్‌త్రూ అయిన ప్రతి రాత్రీ రీరైట్ ఉంటుంది. టేబుల్ దగ్గర బాగా పేలిన జోకుని నాలుగో రోజుకి ఎవరో ఒకరు పీకేద్దామంటారు, రూమ్‌లో అందరికీ పాతబడిపోయింది కాబట్టి. ప్రేక్షకులు మాత్రం మొదటిసారి వింటారు. షోరన్నర్ ఆ జోకుని కాపాడాలి. నా దృష్టిలో షోరన్నర్ పనుల్లో ఎవరికీ కనపడని పెద్ద పని ఇదే.

ప్రేక్షకులు నవ్వకపోతే రచయితలు ఫ్లోర్ మీదే గుంపుగా చేరి కొత్త లైను రాసి నటుడి చెవిలో వేస్తారు, వెంటనే మళ్లీ తీస్తారు. అందుకే ప్రతి ముఖ్యమైన జోకుకీ రెండు మూడు ఆల్ట్స్ (దాని బదులు వాడే లైన్లు) ముందే జేబులో ఉంచుకుంటారు.

బ్లూపేజీ
పేజీల రంగులు కూడా తెలుసుకోవాలి. షూటింగ్ డ్రాఫ్టు తెలుపు, తర్వాత మార్పులకి నీలం, గులాబీ, పసుపు, ఆకుపచ్చ, గోల్డెన్‌రాడ్ వరుసలో వెళ్తుంది. షోని బట్టి వరుస కొంచెం మారుతుంది. ఎవరి చేతిలో ఏ రంగు ఉందో చూసుకోకపోతే ఒక నటుడు పాత జోకు సెటప్ చెప్తాడు, రెండోవాడు కొత్త జోకు పంచ్ చెప్తాడు. దీన్ని కాపలా కాసేది స్క్రిప్ట్ కోఆర్డినేటర్. ఈ ఉద్యోగమూ, రూమ్‌లో అందరి మాటలూ టైప్ చేసే రైటర్స్ అసిస్టెంట్ ఉద్యోగమూ లోపలికి వెళ్లే అసలైన గుమ్మాలు. ఆ రెండూ రచయితల గిల్డు (రచయితల యూనియన్) కిందకి రావు, ఐయాట్సీ (తెర వెనక పనివాళ్ల యూనియన్) లోకల్ 871 కిందకి వస్తాయి.

హరిణి_రాస్తుంది
రైటర్స్ అసిస్టెంట్ మాట్లాడొచ్చా రూమ్‌లో?

బ్లూపేజీ
రూమ్‌ని బట్టి. ఎవరైనా అడిగినప్పుడో, అందరూ ఇరుక్కుపోయినప్పుడో ఒక్కటి, అదీ పరిష్కారంతో. "ఇది బాలేదు" అని ఊరుకునే మాట ఏ స్థాయిలోనూ చెల్లదు, అసిస్టెంట్‌కి అసలే చెల్లదు. మొదటి బాధ్యత నోట్స్. పిచ్ చేసేవాళ్లు పది జోకులు చెప్తే పదీ రాయాలి, షోరన్నర్ రేపొచ్చి అడిగేది వాళ్లు వద్దనుకున్న ఏడోదే!

గిల్డురూలు
మెట్ల సంగతి. స్టాఫ్ రైటర్, స్టోరీ ఎడిటర్, ఎగ్జిక్యూటివ్ స్టోరీ ఎడిటర్, కో-ప్రొడ్యూసర్, ప్రొడ్యూసర్, సూపర్‌వైజింగ్ ప్రొడ్యూసర్, కో-ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్, ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. పేర్లు చూసి నిర్మాతలనుకోకండి, వీళ్లలో ఎక్కువమంది రచయితలే. సీజన్‌కి 22 ఎపిసోడ్లున్న రోజుల్లో ఏడాదికో మెట్టు ఎక్కేవాళ్లు. 8, 10 ఎపిసోడ్ల స్ట్రీమింగ్ సీజన్లు వచ్చాక రూమ్ తొందరగా మూసేస్తారు, షూటింగ్ నాటికి చిన్న రచయితలు ఇంట్లో ఉంటారు. సెట్ చూడకుండానే పైమెట్టుకి వచ్చినవాళ్లకి షో నడపడం ఎలా తెలుస్తుంది? 2023 రచయితల సమ్మెకి ఇదో పెద్ద కారణం. మే 2 నుంచి సెప్టెంబర్ 27 దాకా, 148 రోజులు.

సమ్మె ముగించిన ఒప్పందంలో వచ్చినవాటిలో కామెడీవాళ్లకి పనికొచ్చేవి: షో ఖరారయ్యాక రూమ్‌లో కనీస సంఖ్య. 6 ఎపిసోడ్ల దాకా ముగ్గురు, 7 నుంచి 12కి ఐదుగురు, 13, ఆపైన అయితే ఆరుగురు. షోరన్నర్ కూడా ఆ లెక్కలోనే. మొత్తం ఒక్కరే రాస్తే మినహాయింపు. స్టాఫ్ రైటర్లకి అంతకుముందు వారపు జీతంలోనే స్క్రిప్టు డబ్బు కలిపేసేవాళ్లు, ఇప్పుడు ఎపిసోడ్ రాస్తే స్క్రిప్టు ఫీజు విడిగా ఇవ్వాలి. ఏఐ రాసింది రచన కింద లెక్కకి రాదు.

నవ్వులజోలె
జంటగా రాసేవాళ్ల సంగతి కూడా చెప్పండి. కామెడీలో చాలామంది జంటలే.

గిల్డురూలు
జంట అంటే ఒకే రచయిత జీతం, ఇద్దరూ పంచుకోవాలి. ఏజెంటు పది శాతం పోయాక మిగిలినదాంట్లో సగం. ఇద్దరి బుర్రలు ఒకరి ఖరీదుకి వస్తాయి కాబట్టి రూమ్‌లో జంటలకి గిరాకీ ఎక్కువ. పెన్షన్, ఆరోగ్య బీమా జమలు మాత్రం 2023 నుంచి ఒక్కొక్కరికీ విడి రచయితకి కట్టినట్టే కడుతున్నారు. విడిపోతే చిక్కు ఏంటంటే, జంటగా రాసిన నమూనా స్క్రిప్టు ఒంటరిగా పని వెతుక్కునేటప్పుడు చెల్లదు. కాబట్టి జంటలో ఉన్నా ఒంటరిగా ఒక స్క్రిప్టు రాసిపెట్టుకోవాలి.

పేజీలలెక్క
తెర మీద పేర్లు చూసేటప్పుడు, ఇద్దరి మధ్య & గుర్తుంటే వాళ్లు జంట. అక్షరాల్లో "అండ్" అనుంటే విడివిడిగా, ఒకరి తర్వాత ఒకరు రాసినవాళ్లు.

కోల్డ్‌ఓపెన్
ఇది బంగారం. అందరికీ థాంక్స్. జోకు తిరగరాయడం ఎలా ఉంటుందో ఎవరైనా ఒకటి చేసి చూపిస్తారా? ఆ ఆఫీసు సీనుకే.

నవ్వులజోలె
మొదటి డ్రాఫ్టులో అందరికీ తట్టేది:

కొడుకు: అమ్మా, నీ కుర్చీ ఏది?
తల్లి: ఇదే. (కూర్చుంటుంది)
ఉద్యోగి వచ్చి: అది నా కుర్చీ.

నవ్వు రాదు, ఎందుకంటే ఇలాగే జరుగుతుందని సెటప్‌లోనే తెలిసిపోయింది. పైగా ఈ సీను వెయ్యిసార్లు వచ్చింది. అరిగిపోయిన జోకుని రూమ్‌లో క్లామ్ అంటారు. ఇక్కడ తల్లి ఏమీ చెయ్యట్లేదు, పట్టుబడుతోంది అంతే. నవ్వు ఆవిడ స్వభావంలోంచి రావాలి. టేబుల్ మీద వేరే కుటుంబం ఫొటో పెట్టండి.

కొడుకు: (ఫొటో చూసి) వీళ్లెవరు?
తల్లి: నువ్వు మాట విననప్పుడు చూసుకోడానికి పెట్టుకున్న పిల్లలు.

ఇప్పుడు ఆవిడ అబద్ధాన్ని గెలిపించుకుంటోంది. నవ్వు పుట్టించే మాట చివర పడింది. దాని తర్వాత "సరేనా నాన్నా" లాంటిది ఒక్కటి తగిలించినా నవ్వులో మునిగిపోతుంది.

సీతాకోక77
ఆ ఫొటో నా టేబుల్ మీదక్కూడా ఒకటి కావాలి 😄
సీను బటన్ (సీనుని ముగించే చివరి నవ్వు): వాడు ఏమీ అనకుండా ఆ ఫొటో ఫ్రేముని బోర్లా పెట్టేస్తాడు. కట్. మాటల్లేని బటన్ ఉంటే ఎడిటింగ్‌లో కావలసినంత సాగదీయొచ్చు.

మూడోఅంకం
బటన్ అదిరింది. కానీ తల్లి లైను కాస్త కటువుగా లేదూ? ఎనిమిదేళ్లవాడు నొచ్చుకుంటే ప్రేక్షకులు ఆవిడ మీద మనసు విరుచుకుంటారు.

నవ్వులజోలె
నొచ్చుకుంటే విరుచుకుంటారు. వాడు ఫ్రేము బోర్లా పెట్టి గెలుస్తున్నాడు కదా, అందుకే చెల్లుతుంది. పిల్లాడి ముఖం వాడిపోతే మాత్రం లైను తీసెయ్యాల్సిందే. అది టేబుల్ రీడ్‌లో తేలదు, రన్‌త్రూలో పిల్లాడు నిలబడి చేస్తేనే తేలుతుంది.

కాల్‌షీట్
కథ కన్నా ముందు పిల్లల గంటలు లెక్కేసుకోండి బాబూ. కాలిఫోర్నియాలో చట్టం ఉంది. 6 నుంచి 9 ఏళ్ల లోపు పిల్లలకి బడి ఉన్న రోజుల్లో పని 4 గంటలే. 3 గంటలు సెట్లోనే చదువు, ఒక గంట విశ్రాంతి. 9 నుంచి 16 లోపు అయితే పని 5 గంటలు. 2 నుంచి 6 లోపు 3 గంటలు. ఆర్నెల్ల లోపు పసిబిడ్డని కెమెరా ముందు ఉంచగలిగేది 20 నిమిషాలు, అందుకే బిడ్డ పాత్రకి కవలల్ని తీసుకుంటారు. స్టూడియో టీచరు "ఇక చాలు" అంటే చాలు, డైరెక్టర్ మాట కూడా నడవదు.

మీ ఎనిమిదేళ్లవాడు హాల్లో, వంటగదిలో, ఆఫీసులో, ప్రతి సీన్లోనూ ఉంటే ప్రేక్షకుల రాత్రికి వాడి గంటలు అయిపోతాయి. వాడున్న సీన్లు వరుసగా ముందు పెట్టండి, ఒకటి రెండు ముందురోజే తీసేలా రాయండి, మిగతాచోట్ల వాడి గురించి మాట్లాడుకునేలా చెయ్యండి. ఫ్యామిలీ కామెడీల్లో పెద్దవాళ్లు వంటగదిలో అంతసేపు మాట్లాడుకోవడానికి ఇదీ ఒక కారణం.

కోల్డ్‌ఓపెన్
సినిమాకి వెళ్తే ఈ కథ ఏమవుతుంది?

చిన్నితెర
ఇదే కథని 95 నిమిషాలు లాగలేరు. టీవీవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. సిట్‌కామ్‌లో పాత్ర ఎపిసోడ్ చివరికి ఉన్నచోటికే రావాలి, వచ్చేవారం మళ్లీ అదే తప్పు చెయ్యాలి కదా. సినిమాలో ఒక్కసారే, నిజంగా మారాలి. వాళ్ల అలవాటు వల్ల నాలుగు ఎపిసోడ్లు కుట్టినట్టుంటుంది: ప్రతి పాతిక పేజీలకీ ఒక సమస్య వచ్చి చక్కబడిపోతుంది. సమస్య చక్కబడకూడదు, ముదరాలి.

నేనైతే దృష్టికోణం మారుస్తా. అమ్మ అబద్ధం ఆడుతోందని చిన్నవాడికి మొదట్లోనే తెలిసిపోతుంది. ఆవిడ సిగ్గుపడకుండా ఉండాలని వాడూ అబద్ధం మొదలుపెడతాడు, అక్కలిద్దర్నీ లాగుతాడు, ఇల్లంతా ఒకరికోసం ఒకరు నటిస్తుంటారు. అప్పుడు పిల్లలు వాడి తెలివికి నవ్వుతారు, పెద్దవాళ్లకి ఆవిడ భయం అర్థమవుతుంది. ఫ్యామిలీ సినిమా అంటే పిల్లలకి కొన్ని, పెద్దలకి కొన్ని జోకులు చల్లడం కాదు. ఒకే సీను ఇద్దరికీ వేరే వేరే కారణాలకి పనిచెయ్యాలి.

గిల్డురూలు
డబ్బు, పేరు విషయంలో కూడా తేడా పెద్దదే. టీవీలో రచయితే యజమాని లాంటివాడు. సినిమాలో మిమ్మల్ని మార్చేస్తారు, మీ తర్వాత ఇంకొకరు, వాళ్ల తర్వాత ఇంకొకరు. చివర్లో ఎవరి పేరు పడాలో గొడవైతే గిల్డు ముగ్గురు రచయితల చేత, పేర్లు తెలియకుండా, అన్ని డ్రాఫ్టులూ చదివిస్తుంది. ఒరిజినల్ స్క్రీన్‌ప్లే అయితే తర్వాత వచ్చినవాళ్లు సగం మార్చి ఉండాలి, పుస్తకం ఆధారంగా తీసినదైతే మూడో వంతు దాటితే చాలు. అందుకే ప్రతి డ్రాఫ్టునీ తేదీతో దాచుకోండి.

ఇంకోటి: షూటింగ్‌కి ముందు ఐదారుగురు సిట్‌కామ్ రచయితల్ని పిలిచి ఒకరోజు స్క్రిప్టుకి జోకులు పెట్టిస్తారు, రౌండ్‌టేబుల్ పంచప్. రోజు డబ్బు ఇస్తారు, పేరు పడదు. టీవీవాళ్లకి సినిమా నిర్మాతలు పరిచయమయ్యే మామూలు దారి ఇదే.

బొమ్మలకథ
యానిమేషన్ ఫ్యామిలీ సినిమాలకి వెళ్లేవాళ్లు సంతకం ముందు యూనియన్ ఏదో అడగాలి. పెద్ద స్టూడియోల యానిమేషన్ ఫీచర్లు చాలావరకు యానిమేషన్ గిల్డ్, ఐయాట్సీ లోకల్ 839 కింద ఉంటాయి. అక్కడ రచయితల గిల్డులాగా రెసిడ్యువల్స్ (మళ్లీ ప్రసారమైనప్పుడల్లా వచ్చే డబ్బు) మీ చేతికి రావు. ఫాక్స్ ప్రైమ్‌టైమ్ యానిమేషన్ సిట్‌కామ్‌లు మాత్రం 1998లో రచయితల గిల్డు కిందకి వచ్చాయి.

పని కూడా వేరు. రాసిన సీనుని స్టోరీ ఆర్టిస్టు బొమ్మలుగా గీస్తాడు, తాత్కాలిక గొంతులతో రీలు చేసి అందరూ చూస్తారు, సగం పారేసి మళ్లీ. ఏళ్ల తరబడి ఇలా జరుగుతూనే ఉంటుంది. మీ మంచి డైలాగు కన్నా ఆర్టిస్టు గీసిన కనుబొమ్మకి ఎక్కువ నవ్వొస్తే డైలాగు తీసెయ్యడానికి సిద్ధంగా ఉండాలి.

హరిణి_రాస్తుంది
రేటింగ్ గురించి? జీ (అన్ని వయసులవాళ్లూ చూడొచ్చు) కోసం రాయాలా, పీజీ (తల్లిదండ్రుల సలహాతో చూడాలి) కోసమా?

కాల్‌షీట్
ఇప్పుడు స్టూడియో ఫ్యామిలీ సినిమాలు ఎక్కువగా పీజీయే. పీజీ-13 (పదమూడేళ్ల లోపు పిల్లల తల్లిదండ్రులకి గట్టి హెచ్చరిక) అనేది 1984లో వచ్చాక పీజీ చాలావరకు కుటుంబాల కోటా అయిపోయింది. రాసేటప్పుడు రేటింగ్‌కి భయపడి జోకులు చంపుకోకండి. ఇబ్బందయ్యేది మాటలకన్నా, పిల్లలు ఇంట్లో చేసి చూడగలిగే ప్రమాదకరమైన పనులతో. దానికి మాత్రం లీగల్ వాళ్ల నోట్ తప్పకుండా వస్తుంది.

అర్ధరాత్రి_రీరైట్
సినిమా షూటింగ్‌లో ప్రేక్షకులు ఉండరు కాబట్టి జోకులు తర్వాత మార్చలేరు అనుకోకండి. టెస్ట్ స్క్రీనింగ్‌లో నవ్వులు రికార్డు చేస్తారు. ఒక నవ్వు తర్వాతి లైనుని కప్పేస్తే అక్కడ కొన్ని ఫ్రేములు పెంచుతారు. చప్పగా పోయినచోట, నటుడి వీపు కనపడే షాట్ వెతికి డబ్బింగ్‌లో కొత్త జోకు వేస్తారు. నోరు కనపడదు కాబట్టి ఏదైనా చెప్పించొచ్చు. సెకన్లు లెక్కపెట్టుకుని రాయాలి, రెండు సెకన్ల వీపులోకి ఆరేడు మాటలు దాటి పట్టవు.

కోల్డ్‌ఓపెన్
అంటే పైలట్‌లో ఇంజన్ ఆవిడ స్వభావం, సినిమాలో వాడి అబద్ధం. రెండూ రాస్తా. నమూనాగా ఏది ముందు పంపాలి?

చిన్నితెర
పైలట్. 30 పేజీలు ఎవరైనా ఒక మధ్యాహ్నం చదువుతారు, 100 పేజీల స్క్రీన్‌ప్లే సోమవారానికి వాయిదా పడుతుంది. దానితో పాటు నడుస్తున్న షోకి ఒక స్పెక్ (ఎవరూ అడక్కుండా నమూనాగా రాసిన ఎపిసోడ్) కూడా ఉంచుకోండి, ఇంకొకరి గొంతులో రాయగలరా అని చూసే చోట్ల అడుగుతారు.

పేజీలలెక్క
సింగిల్‌కామ్‌గానే రాయండి, ఆ గ్యారేజీ లంచ్ బాక్సు సీను మొదటి పేజీలో పెట్టి. 32 దాటనివ్వకండి.